ఖాలా తొట్టెలో కుట్టుమిషన్లు

ఖాలా పోయారు. పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా బాపట్లలో, కూతురి ఇంట్లో పోయారు. తెనాలిలో నేను మా ఆయనకు క్యారేజీ కడుతుండగా ఫోను మోగింది.

"అక్కా, అమ్మ వెళ్లిపోయింది," అంది ఆవిడ కూతురు. గొంతు గట్టిగానే ఉంది. "రేపల్లె తీసుకెళ్తున్నాం. జుమ్మా నమాజు అయ్యాక మట్టి. నువ్వు రావాలి."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. క్యారేజీకి మూత పెట్టకుండానే చీర మార్చుకున్నాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. వాళ్ల అక్కగారి పిల్లలు పిలిచే పిలుపు అది. రేపల్లెలో మా వీధి మొత్తానికి ఆవిడ ఖాలాయే. పాలు పోసే అతనికీ ఖాలాయే, చర్చి పాస్టరుగారికీ ఖాలాయే. అసలు పేరు చాలామందికి తెలియదు. నేనూ ఇక్కడ రాయడం లేదు. రాసినా మా వీధిలో ఎవరూ పోల్చుకోలేరు.

మా ఆయనకు రేపల్లె స్టేషనుకు బదిలీ అయినప్పుడు ఖాలా ఇంటి పక్క ఇంట్లో అద్దెకు దిగాం. ఒకే గోడకు అటు ఆవిడ, ఇటు మేము. పెరడు మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఆ పెరట్లోనే ఆవిడ తుప్పు వదిలించేవారు. గీకి కాదు, యాసిడ్ పోసి కాదు. కరెంటుతో.

మొదటిసారి చూసింది నా కత్తిపీట విషయంలో. సామాను మార్చే హడావిడిలో అది వానలో తడిసి, మూట విప్పేసరికి ఎర్రగా తుప్పెక్కి ఉంది. పారేద్దామని గోడ పక్కన పెట్టాను. సాయంత్రానికి అక్కడ లేదు. పెరట్లో ఒక నీలం ప్లాస్టిక్ తొట్టెలో వేలాడుతూ కనిపించింది.

"ఏంటి ఖాలా ఇది?" అన్నాను. పరిచయమై రెండు రోజులు కూడా కాలేదు.

"నీ కత్తిపీటే అమ్మాయ్. పారేస్తున్నావని తీసుకున్నాను. బాగయితే నీది, బాగవకపోతే నాది."

తొట్టెలో బట్టల సోడా కలిపిన నీళ్లు. చుట్టూ నాలుగు ఇనుప చువ్వలు, స్లాబు పోతలో మిగిలిన ముక్కలు. పక్కన పీట మీద కారు బ్యాటరీలకు వాడే చార్జరు. దాని ఎర్ర క్లిప్పు చువ్వలకు, నల్ల క్లిప్పు కత్తిపీటకు తగిలించారు. కత్తిపీట ఒళ్లంతా సన్నటి బుడగలు పుడుతున్నాయి, అన్నం ఉడుకు పట్టే ముందు గిన్నె అడుగున పుట్టినట్టు. నీళ్ల మీద గోధుమరంగు నురగ తేలుతోంది.

నేను వంగి చెయ్యి పెట్టబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"చెయ్యి పెట్టే ముందు స్విచ్చి చూడు," అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పటికీ మిక్సీలో చెంచా పెట్టే ముందు నా కళ్లు వాటంతటవే స్విచ్చి వైపు పోతాయి.

మర్నాడు కత్తిపీట బయటికి వచ్చింది. నల్లటి పొడి పట్టి ఉంది, చూడ్డానికి ముందుకన్నా అధ్వానంగా. నా ముఖం చూసి ఆవిడ నవ్వారు. కొబ్బరి పీచుతో రుద్దారు, నల్లదనం నీళ్లలా జారిపోయింది. కింద ఇనుము బూడిదరంగులో, నున్నగా, ఒక్క పెచ్చు కూడా లేకుండా బయటపడింది. ఆవిడ క్షణం ఆగలేదు. గబగబా తుడిచి, ఎండలో పెట్టి, వేడెక్కగానే కొబ్బరినూనె రాశారు. "ఇప్పుడు దీనికి చర్మం లేదు. గాలి తగిలితే చాలు, మళ్లీ ఎర్రబడుతుంది," అన్నారు. ఆ కత్తిపీట మీదే ఈరోజుకీ కూరలు తరుగుతున్నాను.

ఈ పని ఆవిడకు ఎలా వచ్చిందో కొన్నాళ్లకు చెప్పారు. వాళ్ల నాన్నగారికి తెనాలి బజారులో నికెల్ పూత వేసే కొట్టు ఉండేదట. సైకిల్ హ్యాండిళ్లు, బెల్లులు, తలుపు గొళ్లాలు మెరుగు పెట్టేవారు. ఖాలా చిన్నప్పుడు టీ ఫ్లాస్కు ఇచ్చి రావడానికి వెళ్లి, అక్కడే కూర్చుండిపోయేవారట. పూత వేసే ముందు సామాను జిడ్డు వదలడానికి సోడా నీళ్లలో ముంచి కరెంటు ఇచ్చేవారు. సన్నటి తుప్పయితే ఆ తొట్టెలోనే రాలిపోయేది. ముదిరిన తుప్పుకు యాసిడ్ వాడేవారు. ఆ యాసిడ్ ఆవిరే నాన్నగారి ఊపిరితిత్తులు తినేసిందని ఆవిడ నమ్మకం.

"సోడా తొట్టెకి ఇంకాసేపు టైమిస్తే అదే పని చేసేది అమ్మాయ్. కానీ బజారులో అందరికీ తొందర. మా నాన్న ఆ తొందరలో పోయాడు," అన్నారు ఒకసారి.

పెళ్లయి రేపల్లె వచ్చాక భర్తది బస్టాండు దారిలో బ్యాటరీల కొట్టు. ట్రాక్టర్లకు, ఆటోలకు చార్జింగు పెట్టేవారు. ఆయన పోయాక కొట్టు తీసేశారు గానీ ఒక చార్జరు మాత్రం మంచం కింద ఉండిపోయింది. ఊరికే ఉంచడమెందుకని ఒకనాడు బయటికి తీసి, తండ్రి కొట్టులో చూసింది గుర్తు తెచ్చుకుని తొట్టె కట్టారు. మొదట తన ఇంటి గొళ్లెం, తర్వాత వీధిలో వాళ్ల కొడవళ్లు, తాళాలు, బావి గిలకలు. సైకిల్ చైను తెచ్చినా కాదనేవారు కాదు.

ఆవిడకు కొన్ని పట్టింపులు ఉండేవి. తొట్టె ఎప్పుడూ ఆరుబయటే. ఆ బుడగల్లో ఉండేది మండే గాలి అని చెప్పి చుట్టుపక్కల అగ్గిపుల్ల గీయనిచ్చేవారు కాదు. ఒకసారి వాళ్ల మరిదిగారు బీడీ వెలిగించుకుని పెరట్లోకి వస్తే, చీపురుతో వాకిలి దాకా తరిమారు. ఆయన ఆ రోజు నుంచి గోడ అవతలే నిలబడి, "వదినా, రావచ్చా?" అని అడిగి వచ్చేవారు. చువ్వల బదులు స్టీలు గరిటె పెట్టొచ్చుగా అని నేనడిగితే, "స్టీలు పెడితే నీళ్లలోకి విషం దిగుతుంది. మనది తుప్పు వదలాలి గానీ ఇంకొకరికి జబ్బు అంటకూడదు," అన్నారు.

ఇంకోటి కూడా. ఏ వస్తువునీ పాడైపోయిందనేవారు కాదు. చేతిలోకి తీసుకుని, గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఉంది, లోపలుంది," అనేవారు. వదిలించాక పాత పేపర్లో చుట్టి, ఎవరిది వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చేవారు. డబ్బులిస్తామంటే, "ఈసారి వచ్చేటప్పుడు సోడా పొట్లం తెచ్చుకో," అనడమే.

మేము అక్కడుండగానే కృష్ణకు పెద్ద వరద వచ్చింది. కరకట్ట లోపలి లంక ఊళ్లు మునిగాయి. జనాన్ని తెచ్చి స్కూళ్లలో ఉంచారు. నీళ్లు తీశాక వాళ్లు తిరిగి వెళ్లి చూసుకుంటే ఇళ్లలో మోకాళ్ల లోతు ఒండ్రు. బియ్యం పోయింది, పరుపులు పోయాయి. ఆ ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు కుట్టే బతుకు. వాళ్ల మిషన్లు బురదలో కూరుకుపోయి, బయటికి తీసేసరికి చక్రం కదలకుండా బిగుసుకుపోయాయి.

ఒక పొద్దున ఖాలా, నేను సోడా కోసం బజారుకు వెళ్లాం. పాత ఇనుము కొనే ట్రాలీ ఆటో దగ్గర ఒకావిడ కుట్టుమిషను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. పేరు సువార్తమ్మ అని తర్వాత తెలిసింది.

"అమ్మేస్తున్నావా అమ్మా?" అన్నారు ఖాలా.

"తిరగట్లేదండి. రిపేరు ఆయన చూసి, తుప్పు తినేసింది, కొత్తది కొనుక్కోమన్నాడు. కొత్తదెక్కడ కొంటాను?"

ఖాలా వంగి మిషను పక్కన గోటితో తట్టారు. చెవి ఆనించారు. ఆటో అతను చిరాగ్గా చూస్తున్నాడు.

"ఇవాళ నాకివ్వు. బాగవకపోతే రేపు ఇదే ఆటోకి అమ్ముకో. ఆయన ఎక్కడికీ పోడు."

సువార్తమ్మ ఏమనుకుందో గానీ లేచి మా వెంట నడిచింది. దారిలో అసలు సంగతి చెప్పింది. వరదలో లంక బడి పిల్లల బట్టలన్నీ పోయాయట. ఎవరో దాతలు యూనిఫాంకు గుడ్డ పంపారు. ఊళ్లో ఆడవాళ్లం మేమే కుడతామని అడిగితే హెడ్మాస్టరుగారు, "మిషన్లు ఏవమ్మా? సోమవారం దాకా చూస్తాను, ఆ తర్వాత గుంటూరు పంపించేస్తాను," అన్నారట. ఆ కుట్టుకూలీ చేతికొస్తే ఇంట్లో మళ్లీ పొయ్యి వెలుగుతుందని వాళ్ల ఆశ.

ఆ రోజు ఖాలా మిషనును విడదీయడం చూశాను. ఒక్కో ముక్క తీసి పాత చీర మీద వరసగా పేర్చారు. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలున్న పాత మిషను అది. ఒంటిని తొట్టెలో పెట్టలేదు. పెడితే రంగు, పూలు ఊడిపోతాయట. దాన్ని కిరసనాయిలు గుడ్డతో నిదానంగా తుడిచారు. స్ప్రింగులు, సూదులు కూడా పెట్టలేదు. సన్నటి ఉక్కు తొట్టెలో పెళుసెక్కి విరుగుతుందన్నారు. మిగతా ఇనుప ముక్కలు రాగి తీగకు దండలా గుచ్చి దింపారు.

మర్నాడు అన్నీ బాగా వచ్చాయి, ఒక్కటి తప్ప. బాబిన్‌కు దారం చుట్టే చిన్న చక్రం గుంటలు పడి, పట్టుకుంటే చేతిలో నలిగింది. ఖాలా దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఇనుము కాదు. అల్యూమినియం. పైన నల్లరంగుంటే మోసపోయాను. సోడా తినేసింది," అన్నారు. ఆవిడ ముఖం అంత చిన్నబోవడం అదే మొదటిసారి.

"దారం చేత్తో చుట్టుకోవచ్చు కదా ఖాలా. చెప్పకపోతే వరదలో పోయిందనుకుంటుంది," అన్నాను.

ఆవిడ నా మాట విన్నట్టే లేరు. లోపలికి వెళ్లి, తన సొంత మిషను దించి, దాని చక్రం ఊడదీసి సువార్తమ్మ మిషనుకు బిగించారు. తర్వాత చీర మార్చుకుని, "పద, లంక పోదాం," అన్నారు. మిషను ఆటోలో పెట్టుకుని వెళ్లాం. కట్ట దిగాక ఆటో పోలేదు. బురదలో ఇద్దరం చెరోవైపు పట్టుకుని మోశాం. అప్పటికే ఆవిడకు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు.

సువార్తమ్మ ఇంటి ముందు మిషను దించగానే ఖాలా మొదట చెప్పింది అదే. "అమ్మా, నీ సామాను ఒకటి చెడగొట్టాను. నాది తెచ్చి పెట్టాను. చూసుకో."

సువార్తమ్మ ఆశ్చర్యపోయింది. "వరదలో ఇంటెడు సామాను పోయింది. ఇంత ముక్క గురించి చెప్పడానికి బురదలో పడి వచ్చారా అండి?"

"వరద చెప్పి రాలేదమ్మా. నేను చెప్పాలి కదా."

సువార్తమ్మ స్టాండు కడిగి ఉంచింది. మిషను ఎక్కించి, బెల్టు తగిలించి, కాలు పెట్టింది. చక్రం ఒక్కసారి మొరాయించి, ఆ తర్వాత టకటకమని అందుకుంది. కుట్టి చూద్దామంటే ఇంట్లో పొడి గుడ్డ ముక్క లేదు. ఆవిడ తన కొంగు అంచే సూది కింద పెట్టి జానెడు కుట్టేసింది. కుట్టును వేలితో తడిమింది. మళ్లీ కాలు ఆడించింది.

"కొంగు మొత్తం కుట్టేస్తావేంటి, ఆగు!" అని ఖాలా నవ్వారు. అప్పుడు సువార్తమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రానికే లంకలో సంగతి పాకింది. మర్నాడు మా వీధిలోకి ఆటోల్లో, సైకిళ్ల మీద, నెత్తి మీద మిషన్లు వచ్చాయి. సోమవారం దగ్గర పడుతోంది. ఒక్క చార్జరుతో అయ్యే పని కాదు. ఖాలా బస్టాండుకు కబురంపారు. ఒకప్పుడు భర్తతో కలిసి పని చేసిన వాళ్లు చార్జర్లు తెచ్చిచ్చారు. వరద రోజులు, కరెంటు వచ్చేది, పోయేది. పోయినప్పుడల్లా ఒకాయన తన ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తీగలు దానికి తగిలించేవాడు. మా పెరడంతా తొట్లే. మా నీళ్ల డ్రమ్ము కూడా అందులో చేరింది. లంక ఆడవాళ్లు రుద్దేవాళ్లు, నేను తుడిచి నూనె రాసేదాన్ని. ఎవరి ముక్కలు ఎవరివో కలవకుండా ఒక్కొక్కరి దండకు ఒక్కో రంగు గాజు కట్టారు ఖాలా. మెడలో నల్లతాడుకు ఒక అయస్కాంతం వేలాడేసుకున్నారు. ప్రతి ముక్కనూ ముందు దానికి అంటించి చూశాకే తొట్టెలోకి. "ఒకసారి తప్పయితే తెలియకపోవడం. రెండోసారి అయితే నిర్లక్ష్యం," అనేవారు.

అన్నీ బతకలేదు. ఒక ముసలావిడ మిషనులో లోపలి భాగమే పొరలు పొరలుగా రాలిపోయింది. ఖాలా దాన్ని కూడా తట్టి, చెవి పెట్టి విన్నారు. ఈసారి తల అడ్డంగా ఊపారు. "దీంట్లో ఏమీ మిగల్లేదు పెద్దమ్మా. నీకు అబద్ధం చెప్పలేను." ఖాలా లోపలికి వెళ్లి, చక్రం లేని తన మిషను తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. "నాకు ఎటూ సూదిలో దారం కనిపించడం లేదు. బాబిన్‌కి చేత్తో చుట్టుకో, అంతే."

ఆదివారం సాయంత్రం హెడ్మాస్టరుగారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. పేపర్ల మీద నూనె మెరుపుతో వరసగా పేర్చిన ముక్కలు, వాటిని బిగిస్తున్న ఆడవాళ్లు. ఆయన ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూసి, "గుడ్డ పొద్దున్నే పంపిస్తానమ్మా," అని సువార్తమ్మతో చెప్పి వెళ్లిపోయారు. మా పెరట్లో ఎవరూ కేకలు వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. ఖాలా మాత్రం చార్జరు కట్టేసి, "అయితే టీ పెట్టు అమ్మాయ్," అన్నారు.

పిల్లలకు బట్టలు తొడిగిన రోజు బడికి రమ్మని ఆవిడను పిలిచారు. మోకాళ్లు సహకరించలేదు, వెళ్లలేదు. నేను వెళ్లి వచ్చి చెబితే, "కుట్లు వదులుగా లేవు కదా?" అని ఒక్కటే అడిగారు.

మాకు తెనాలి బదిలీ అయింది. ఆవిడకు గుండె జబ్బు ముదిరి, కూతురు బాపట్ల తీసుకెళ్లింది. కిందటి నెలలో చూడ్డానికి వెళ్లాను. కిటికీ పక్కన మంచం. బాగా చిక్కిపోయారు. మాట్లాడితే ఆయాసం. పలకరించి కూర్చోగానే, నా చెయ్యి పట్టుకుని కిటికీ చువ్వ మీద పెట్టారు. గరుగ్గా, ఉప్పు తేలి, ఎర్రగా ఉంది.

"సముద్రం గాలి అమ్మాయ్. ఈ ఊళ్లో బోలెడు పనుంది," అన్నారు. నవ్వబోతే దగ్గు వచ్చింది. మా కొత్త ఇంటి గురించి, నీళ్ల గురించి అడిగారు. తన జబ్బు గురించి నేను అడిగితే మాట మార్చేశారు. వచ్చేస్తుంటే వాకిట్లోకి రాలేక, కిటికీలోంచి చెయ్యి ఊపారు. అదే ఆఖరు చూపు.

శుక్రవారం నేను రేపల్లె చేరేసరికి ఇంటి నిండా ఆడవాళ్లు. మగవాళ్లు బయట కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లోపలి గదిలో చాప మీద తెల్లగుడ్డ తాను ఉంది, కఫన్ కోసం, పోయినవారికి చుట్టడానికి తెచ్చింది. కొలత చూడ్డానికి బంధువుల్లో ఒక పెద్దావిడ సిద్ధంగా కూర్చున్నారు. అంతలో సువార్తమ్మ వచ్చింది, మరో ఇద్దరు లంక ఆడవాళ్లతో. ఖాలా ముఖం చూసుకుని, కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, లేచి కూతురి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, కొలతలివ్వండి. పక్కింట్లో మిషను అడిగాను, ఇస్తామన్నారు. మాలో అయితే పోయినవాళ్లకి కొత్త బట్టలు కుట్టి తొడుగుతాం. ఆవిడవి నేను కుడతాను. ఇంకెవరికీ ఇవ్వొద్దు."

కూతురు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. పొద్దుటి నుంచీ ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.

"మాలో కుట్టు వెయ్యరక్కా. విడి గుడ్డలే చుడతారు. సూది తగలకూడదు."

సువార్తమ్మ తెల్లగుడ్డ వైపు చూసింది. "పోనీ, ఒక కొస పట్టుకోవచ్చా అండి?" అంది పెద్దావిడతో.

"పట్టుకోమ్మా. ఎందుకు పట్టుకోకూడదు?"

ఒక కొస కూతురు పట్టుకుంది, ఇంకో కొస సువార్తమ్మ పట్టుకుంది. గది ఈ చివర నుంచి ఆ చివరకు గుడ్డ బిగువుగా పరుచుకుంది. పెద్దావిడ కత్తెరతో గాటు పెట్టి లాగారు. గుడ్డ చర్రుమని చీలింది. చీలిన అంచు చేతిలోకి రాగానే సువార్తమ్మ వేళ్లు అలవాటు కొద్దీ దాన్ని లోపలికి మడిచాయి, మడత కుట్టు వేయబోతున్నట్టు. అంతలోనే గుర్తొచ్చి ఆగింది. మడత విప్పి, బొటనవేలితో ఆ గీతను పదే పదే సాపు చేస్తూ, గుడ్డను అలా పట్టుకునే ఉంది.